పందిరి సరే... పీటల మీద కూర్చునేదెవరు?

విశాఖపట్నం: పెళ్లికి పందిరి వేయించడం డబ్బుంటే అయ్యే పని. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసే పెద్ద మాత్రం అద్దెకు దొరకడు. అంతర్జాతీయ వృత్తి నిపుణుల సదస్సుల విషయంలో విశాఖపట్నం పరిస్థితి ఇంచుమించు ఇలాగే ఉంది. బీచ్ రోడ్డు నుంచి రుషికొండ దాకా నక్షత్రాల హోటళ్లు వెలిశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సాగరతీరాన కన్వెన్షన్ సెంటర్ ఉంది. సిరిపురంలో వీఎంఆర్డీఏ చిల్డ్రన్స్ ఎరీనా ఉంది. భోగాపురంలో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఇన్ని ఉన్నప్పటికీ, విదేశాల్లో కేంద్ర కార్యాలయం గల ఒక ఇంజినీర్ల సంఘమో, వైద్యుల సంఘమో తన మహాసభను ఇక్కడ జరపాలని తలపెడితే ముందుగా అడిగేది హాలు ఎంత పెద్దదని కాదు. ‘అక్కడ మా తరఫున బాధ్యత వహించేదెవరు?’ అని. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగల సంస్థలు నగరంలో వేళ్ల మీద లెక్కించదగినవే.

సదస్సులకు విశాఖ కొత్త కాదు. 2016 ఒక్క ఏడాదిలోనే జనవరిలో సీఐఐ భాగస్వామ్య సదస్సు, ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష, సెప్టెంబరులో బ్రిక్స్ దేశాల పట్టణీకరణ సదస్సు ఇక్కడ జరిగాయి. భాగస్వామ్య సదస్సు 2017, 2018 సంవత్సరాల్లోనూ, తిరిగి 2025 నవంబరులోనూ వచ్చింది. 2023 మార్చి మొదటి వారంలో ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సు, అదే నెలాఖరున జీ-20 మౌలిక వసతుల బృందం సమావేశం జరిగాయి. రహదారులకు రంగులు వేశారు, చెట్లకు దీపాలు చుట్టారు, అతిథులు వచ్చి వెళ్లారు.

ఈ జాబితాలోని కార్యక్రమాలన్నింటికీ ఆతిథ్యమిచ్చింది ప్రభుత్వాలు, నౌకాదళం, జాతీయ స్థాయి పరిశ్రమల సంఘం. వేదికగా విశాఖను ఎంపిక చేసినవారు ఢిల్లీలోనో, రాజధానిలోనో కూర్చుని ఎంపిక చేశారు. ప్రభుత్వం ప్రాధాన్యం మారితే ఇవి మరో నగరానికి తరలిపోతాయి. ఐదేళ్లు రాకపోయినా అడిగే హక్కు నగరానికి లేదు. వృత్తి సంఘాల సదస్సులు ఇందుకు భిన్నమైనవి. అవి దేశం తర్వాత దేశం తిరుగుతూ క్రమం తప్పకుండా జరుగుతాయి. అంతర్జాతీయ సమావేశాల రంగంలో నగరాల స్థాయిని లెక్కగట్టే అంతర్జాతీయ కాంగ్రెస్, కన్వెన్షన్ సంఘం (ఇక్కా) తన గణనలోకి తీసుకునేది కూడా వీటినే. క్రమబద్ధంగా జరగాలి, కనీసం మూడు దేశాల మధ్య తిరగాలి, 50 మందికి తక్కువ కాకుండా హాజరు కావాలి అన్నవి దాని నిబంధనలు. ఈ కొలబద్ద ప్రకారం వేలాది మందితో జరిగిన పెట్టుబడుల సదస్సు లెక్కకు రాదు. అరవై మంది సముద్ర శాస్త్రవేత్తలు మూడు రోజులు కూర్చుని మాట్లాడుకుంటే లెక్కకు వస్తుంది.

రెండు మినహాయింపులు

విశాఖకు వచ్చిన అసలు సిసలు వృత్తిపరమైన అంతర్జాతీయ సమావేశాల్లో రెండింటిని ఇక్కడ ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంటుంది.

మొదటిది 2018 డిసెంబరు 13 నుంచి 15 వరకు జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగో వైద్య పరికరాల సదస్సు. ఆ సమావేశం విశాఖకు రావడానికి సముద్రతీరం కారణం కాదు. పెదగంట్యాడ ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ అప్పటికి సిద్ధమై ఉండటం కారణం. వైద్య పరికరాల తయారీ, పరీక్ష, ప్రమాణాలు ఒకేచోట చూపించగల సంస్థ స్థానికంగా ఉంది. ఆ సంస్థకు కేంద్ర ఆరోగ్య శాఖతోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థతోనూ పనిబంధం ఉంది. అతిథులకు చూపడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉన్నప్పుడే ఆహ్వానానికి విలువ.

రెండోది 2023 నవంబరులో జరిగిన అంతర్జాతీయ సాగునీటి, డ్రైనేజీ కమిషన్ 25వ మహాసభ. 1950లో ఏర్పడిన ఈ సంస్థ కేంద్ర కార్యాలయం ఢిల్లీలోనే ఉన్నా, మహాసభ మాత్రం 1966 తర్వాత భారతదేశానికి రాలేదు. యాభై ఏడేళ్ల తర్వాత వచ్చినప్పుడు వేదికగా విశాఖ నిలిచింది. అయితే ఆ కమిషన్‌లో సభ్యత్వం నగరాలకు ఉండదు. దేశాల జాతీయ కమిటీలకు ఉంటుంది. ఆహ్వానించింది కేంద్ర జలశక్తి శాఖ పరిధిలోని జాతీయ కమిటీ. రాష్ట్ర జలవనరుల శాఖ చేయి కలిపింది. వ్యవసాయంలో నీటి కొరతను ఎదుర్కోవడం ఎలా అన్న అంశంపై వివిధ దేశాల ఇంజినీర్లు చర్చించారు. విశాఖకు గౌరవం దక్కిన మాట నిజమే. కానీ మహాసభ ముగిసిన తర్వాత ఆ పరిచయాలను, ఆ అనుభవాన్ని దాచిపెట్టుకునే బీరువా విశాఖలో లేదు. అది ఢిల్లీలో ఉంది.

మెడ్‌టెక్ జోన్ ఉదాహరణలో స్థానిక భాగస్వామి ఉన్నాడు. సాగునీటి మహాసభలో స్థానిక వేదిక ఉంది, జాతీయ భాగస్వామి ఉన్నాడు. ఈ రెండింటి మధ్యనున్న తేడాయే అసలు సమస్య.

హైదరాబాద్ ఏం చేసింది?

ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ అంతర్జాతీయ సదస్సుల నగరంగా ఎదిగిన కథను అందరూ మాదాపూర్ వద్ద నిర్మించిన హెచ్‌ఐసీసీతో మొదలుపెడతారు. 2006 మేలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం కోసం దాన్ని సకాలంలో పూర్తి చేయడం అప్పట్లో పెద్ద సాహసమే. అది ప్రభుత్వం తెచ్చిన సమావేశం. ఆ తర్వాత జరిగినవాటిని చూస్తే కథ మారుతుంది. 2007 సెప్టెంబరులో 58వ అంతర్జాతీయ వ్యోమయాన మహాసభ వచ్చింది. దానికి ఆతిథేయులు ఇస్రో, భారత వ్యోమయాన సంఘం. 2018 ఫిబ్రవరిలో ప్రపంచ ఐటీ మహాసభ వచ్చింది. దాన్ని తెచ్చింది నాస్కామ్, తోడు నిలిచింది తెలంగాణ ప్రభుత్వం. భవనం ఒక్కటే అయినా తలుపు తట్టినవారు వేరు వేరు.

అన్నింటికంటే చెప్పుకోదగినది 2010 ఆగస్టు 19 నుంచి 27 వరకు జరిగిన అంతర్జాతీయ గణిత శాస్త్రవేత్తల మహాసభ. నాలుగేళ్లకోసారి జరిగే ఈ సభలోనే ఫీల్డ్స్ పతకాలు ప్రదానం చేస్తారు. అంతకు ముందెన్నడూ భారతదేశానికి రాలేదు. దాన్ని తేవాలన్న ప్రయత్నం రాష్ట్ర సచివాలయంలో పుట్టలేదు. గణిత శాస్త్రవేత్తలే పూనుకున్నారు. టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఎం.ఎస్. రఘునాథన్ నిర్వహణ సంఘానికి అధ్యక్షత వహించగా, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆతిథేయిగా నిలిచింది. 2006లో స్పెయిన్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత సమాఖ్య సర్వసభ్య సమావేశంలో నిర్ణయం ఖరారైంది. అంటే అతిథి గడప తొక్కడానికి నాలుగేళ్ల ముందే మాట ఇచ్చారు. దానికి మరికొన్నేళ్ల ముందు నుంచే మాట్లాడుకున్నారు. చివరికి మూడు వేల మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. దేశంలోని పలు నగరాల్లో ఒక్కో ఉపశాఖపై అనుబంధ సదస్సులు జరిగాయి.

ఆ మహాసభ సందర్భంగానే జరిగిన ఓ ఉదంతం ఆతిథేయి పని ఎంత సున్నితమైనదో చెబుతుంది. ప్రపంచ చదరంగ విజేత విశ్వనాథన్ ఆనంద్‌కు గౌరవ డాక్టరేట్ ఇవ్వాలని హైదరాబాద్ విశ్వవిద్యాలయం సంకల్పిస్తే, ఆయన పౌరసత్వంపై కేంద్ర మానవ వనరుల శాఖలో సందేహం లేవనెత్తి దస్త్రాన్ని నిలిపివేశారు. ప్రపంచ గణితవేత్తల ముందు దేశం తలవంచుకోవలసి వచ్చింది. అప్పటి మంత్రి కపిల్ సిబల్ క్షమాపణ చెప్పారు. ఆనంద్ మాత్రం వచ్చి ఏకకాలంలో 40 బల్లలపై గణితవేత్తలతో ఆడి అలరించారు. ఎక్కడో ఒక గుమాస్తా దస్త్రంపై వేసిన ప్రశ్నకు విదేశీ అతిథుల ముందు సమాధానం చెప్పవలసింది ఆతిథేయే.

సంతకం వెనుక బరువు

స్థానిక భాగస్వామి అంటే స్వాగత తోరణంపై పేరు వేయించుకునే సంస్థ అన్న భావన నగరంలో బలంగా ఉంది. వాస్తవం అది కాదు. వృత్తి సంఘాలు సాధారణంగా నాలుగైదేళ్ల ముందుగా ఆసక్తి గల నగరాల నుంచి ప్రతిపాదనలు కోరతాయి. ఆ ప్రతిపాదన పంపే అర్హత చాలా సందర్భాల్లో ఆ సంఘంలో సభ్యత్వం గల జాతీయ సంస్థకే ఉంటుంది. స్థానిక సంస్థ ముందుగా ఢిల్లీలోనో, ముంబయిలోనో ఉన్న జాతీయ సంఘాన్ని ఒప్పించాలి. ఇదే మొదటి గడప. ‘ఈసారి మా నగరం’ అని అడగడానికి బెంగళూరు, చెన్నై, కోల్‌కతా శాఖలు అక్కడ ముందే కూర్చుని ఉంటాయి. జాతీయ కార్యవర్గంలో విశాఖవాసి ఒక్కరైనా లేకపోతే మాట వినిపించేవారుండరు.

రెండో గడప డబ్బు. ప్రతినిధులు రుసుము చెల్లించేది సదస్సుకు చివరి మూడు, నాలుగు నెలల్లో. హాలుకు, హోటల్ గదులకు అడ్వాన్సు చెల్లించవలసింది ఏడాది, రెండేళ్ల ముందు. మధ్యకాలంలో ఈ డబ్బు ఎవరు పెట్టాలి? కొన్ని అంతర్జాతీయ సంఘాలు ప్రారంభ మూలధనం ఇస్తాయి. కొన్ని అప్పుగా ఇచ్చి తర్వాత తిరిగి తీసుకుంటాయి. మిగులు వస్తే వాటా అడుగుతాయి. నష్టం వస్తే ఎవరు భరించాలన్నది ఒప్పందంలో ముందే రాయిస్తాయి. ఆ వాక్యం దగ్గరకు వచ్చేసరికి చాలా సంఘాల కార్యదర్శులు కలం మూస్తారు. ఏటా ఎన్నికయ్యే కార్యవర్గం, రెండు గదుల కార్యాలయం, సభ్యుల చందాలతో నడిచే బ్యాంకు ఖాతా గల స్థానిక శాఖ అంత బరువు ఎత్తుకోలేదు. ఎత్తుకోవాలని కోరడం న్యాయమూ కాదు.

డబ్బు విదేశాల నుంచి వచ్చినప్పుడు మరో చిక్కు ఉంది. సదస్సులో పాల్గొనే ప్రతినిధి చెల్లించే రుసుము వేరు, విదేశీ సంఘం సహాయంగా ఇచ్చే మొత్తం వేరు. రెండోది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందకు వస్తుంది. అందుకు రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఒక సంస్థ తీసుకుని మరో సంస్థకు బదలాయించడం నిషిద్ధం. జాతీయ సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంది కదా, దాని ఖాతాలో వేయించి విశాఖ శాఖకు తెప్పించుకుందాం అన్న పాత పద్ధతి, ఆ శాఖ వేరే సంస్థగా రిజిస్టరై ఉంటే ఇక చెల్లదు. సదస్సు ఏర్పాట్ల సేవలపై 18 శాతం జీఎస్టీ సరేసరి.

వైద్యుల సదస్సుల సంగతి మరో రకం. ఇంతకాలం ఔషధ సంస్థల అండతో అవి కొంత తేలికగా సాగిపోయేవి. 2024 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఔషధ విక్రయ నియమావళి వైద్యుల ప్రయాణాలకు, ఆతిథ్యాలకు కంపెనీలు చేసే ఖర్చుకు ముకుతాడు వేసింది. వక్తలకు మినహాయింపు ఉంది గానీ, శ్రోతలుగా వచ్చేవారి ఖర్చు కంపెనీలు భరించరాదు. నైతికంగా ఇది ఆహ్వానించదగిన మార్పే. సదస్సుల లెక్కల పుస్తకంలో మాత్రం ఒక పెద్ద పద్దు చెరిగిపోయింది.

మూడో గడప అనుమతులు. విదేశీ ప్రతినిధులు పాల్గొనే సదస్సుకు హోం శాఖ అనుమతి, విదేశాంగ శాఖ రాజకీయపరమైన ఆమోదం, సంబంధిత మంత్రిత్వ శాఖ సమ్మతి కావాలి. వీటి ఆధారంగానే ప్రతినిధులకు సదస్సు వీసాలు మంజూరవుతాయి. కొన్ని దేశాల వారి విషయంలో పరిశీలన మరింత నిశితంగా ఉంటుంది. అంతర్జాతీయ సంఘాల నిబంధనలేమో సభ్య దేశాలన్నింటికీ ప్రవేశం ఉండాలంటాయి. ఒక దేశం ప్రతినిధికి వీసా రాకపోతే సంజాయిషీ చెప్పవలసింది ఆహ్వాన పత్రంపై సంతకం చేసిన స్థానిక సంస్థే. నౌకాదళ తూర్పు కమాండ్ కేంద్రమైన విశాఖలో ఈ పరిశీలన తేలికగా ఉంటుందని ఎవరూ ఆశించరు. 2021 ఆరంభంలో ఆన్‌లైన్ అంతర్జాతీయ సదస్సులకూ ముందస్తు అనుమతి కావాలంటూ వచ్చిన ఉత్తర్వుపై శాస్త్ర అకాడమీలు అభ్యంతరం తెలపగా, కొద్ది వారాల్లోనే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. పద్ధతి తెలిసిన సంస్థ ఆరు నెలల ముందే దరఖాస్తు చేస్తుంది. తెలియని సంస్థ ఆహ్వాన పత్రాలు పంచిన తర్వాత పరుగులు తీస్తుంది.

వృత్తిరీత్యా సదస్సులు నిర్వహించే ఏజెన్సీలు ఉన్నాయి కదా అన్నది తరచూ వినిపించే మాట. హాలు మాట్లాడటం, వెబ్‌సైట్ నడపడం, భోజనాలు, బస్సులు, గుర్తింపు కార్డులు అవి చక్కగా చూస్తాయి. కానీ వక్తలను ఎంపిక చేయడం, పరిశోధన పత్రాలను వడపోయడం, మంత్రిత్వ శాఖకు సమాధానం చెప్పడం వాటి పని కాదు. వంటవాణ్ని పెట్టుకున్నంత మాత్రాన ఇంటి యజమాని అవసరం తీరదు.

ఉస్మానియా చేదు అనుభవం

భవనం, డబ్బు, ప్రభుత్వం మూడూ ఉన్నా ఆతిథేయి చేతులెత్తేస్తే ఏమవుతుందో చెప్పడానికి దూరం వెళ్లనక్కరలేదు. 105వ భారత సైన్స్ కాంగ్రెస్ 2018 జనవరి 3 నుంచి 7 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జరగవలసి ఉంది. 2017లో శతాబ్ది ఉత్సవాలు జరుపుకున్న విశ్వవిద్యాలయం అది. జాతీయ సభే అయినా విదేశాల నుంచి ప్రముఖ శాస్త్రవేత్తలు వచ్చే వేడుక. ఏర్పాట్లు సాగుతుండగానే, సరిగ్గా పక్షం రోజుల ముందు, ప్రాంగణంలోని పరిస్థితుల దృష్ట్యా నిర్వహించలేమని విశ్వవిద్యాలయం తెలియజేసింది. ప్రధానమంత్రి ప్రారంభించవలసిన సభ వాయిదా పడి, మార్చిలో ఇంఫాల్‌లోని మణిపూర్ విశ్వవిద్యాలయానికి తరలిపోయింది. సదస్సు ఆగలేదు. హైదరాబాద్‌కే దక్కలేదు.

ఆ సైన్స్ కాంగ్రెస్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయం రెండుసార్లు, 1976లోనూ 2008లోనూ, జరిపించింది. 2008 జనవరిలో 95వ సభను అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఇక్కడే ప్రారంభించారు. ఆ అనుభవం గల ఆచార్యుల్లో చాలామంది తర్వాత పదవీ విరమణ చేశారు. వారి స్థానాల్లో నియామకాలు ఏళ్ల తరబడి పెండింగులో పడ్డాయి. సదస్సు నడపడం పుస్తకం చూసి నేర్చుకునే విద్య కాదు. పక్కన నిలబడి చూసినవారికే అబ్బుతుంది. ఒక తరం వెళ్లిపోతే చెయ్యి తిరిగినవారు మిగలరు.

ఉపకులపతి పదవీకాలం మూడేళ్లు. అంతర్జాతీయ సదస్సు ప్రతిపాదన నుంచి ముగింపు వరకు పట్టే కాలం నాలుగు నుంచి ఆరేళ్లు. సంతకం చేసినవారు సదస్సు నాటికి ఆ కుర్చీలో ఉండరు. తర్వాత వచ్చినవారికి అది ఎవరో పెట్టిపోయిన అప్పులా కనిపిస్తుంది. ఒప్పందాన్ని పాలకమండలి తీర్మానంగా, ప్రత్యేక ఖాతాతో, పదవీకాలంతో సంబంధం లేని నిర్వహణ సంఘంతో కట్టుదిట్టం చేస్తేనే విదేశీ సంఘం నమ్ముతుంది.

నమ్మకం విషయంలో తెలుగు నేలకు ఓ మచ్చ కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పత్రికలు, సదస్సులు నడిపిన ఒమిక్స్ గ్రూప్ పరిశోధకులను తప్పుదోవ పట్టించిందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 2019 మార్చిలో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. సదస్సుల్లో పాల్గొంటారంటూ ప్రముఖుల పేర్లను వారి సమ్మతి లేకుండా వాడుకున్నారన్నది ఆ కేసులోని ఆరోపణల్లో ఒకటి. ఆ తర్వాత విదేశీ సంఘాలు స్థానిక భాగస్వామి గురించి నాలుగు చోట్ల వాకబు చేస్తే తప్పుపట్టలేం. నిజాయితీగా పనిచేసే చిన్న సంస్థ కూడా ఆ అనుమానపు చూపును తట్టుకుని నిలవవలసి వస్తోంది.

విశాఖలో ఎవరున్నారు?

లేనివారిని తలచుకుని విచారించడం కంటే ఉన్నవారిని చూడటం మేలు. సముద్ర శాస్త్రంలో విశాఖకు ఉన్న వారసత్వం దేశంలో బహుకొద్ది నగరాలకే ఉంది. 1950 దశకంలో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి బంగాళాఖాతంపై పరిశోధనలకు దారి చూపారు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం, నౌకాదళ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్, భారత సముద్రయాన విశ్వవిద్యాలయ ప్రాంగణం, నౌకా నిర్మాణ కేంద్రం, రేవు అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. అయినా సముద్ర సాంకేతిక నిపుణుల ‘ఓషన్స్’ సదస్సు 2022 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగింది. అక్కడ జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఐఐటీ ఉన్నాయి. ఇక్కడి సంస్థలు ఒక్కొక్కటి వేర్వేరు మంత్రిత్వ శాఖల కింద, ఎవరి ప్రహరీగోడ వెనుక వారు ఉన్నాయి. అన్నీ కలిసి ఒక్క ఆహ్వాన పత్రంపై సంతకం పెట్టే పద్ధతి ఏర్పడలేదు.

వైద్యంలో 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల, దాని పూర్వ విద్యార్థులు ఉన్నారు. అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడిన ఆ వైద్యుల్లో పలువురికి అక్కడి వృత్తి సంఘాలతో సన్నిహిత సంబంధాలున్నాయి. అంతర్జాతీయ సంఘం కార్యవర్గంలో కూర్చుని ‘మా ఊరు చూద్దాం’ అనగల స్థితిలో ఉన్న మనిషి, ఇక్కడ బరువు మోసే సంస్థ రెండూ కలిస్తేనే సదస్సు వస్తుంది. ఇంతవరకు ప్రవాసుల ఉత్సాహం భవనాలకు విరాళాల రూపంలోనే ఎక్కువగా వ్యక్తమవుతోంది. ఇంజినీరింగ్‌లో ఐఈఈఈ వైజాగ్ బే విభాగం ఉండటం ఒక సానుకూలత. అలాంటి విభాగాలకు మాతృసంస్థ నుంచి నియమాలు, నమూనా ఒప్పందాలు, లెక్కల పద్ధతి సిద్ధంగా అందుతాయి. చిన్న సంఘాలు అన్నీ మొదటి నుంచి తయారు చేసుకోవాలి.

ప్రభుత్వం ఈ విషయంలో చేయగలిగింది భవనం కట్టడం ఒక్కటే అన్నట్లుగా వ్యవహరిస్తోంది. ఆ భవనం సంగతీ అంతంత మాత్రమే. హార్బర్ పార్కు వద్ద లులు సంస్థ అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ నిర్మిస్తుందని 2018లో శంకుస్థాపన చేశారు. 2019లో ప్రభుత్వం మారాక భూ కేటాయింపు రద్దయింది. భవనం రావాలి, రాకూడదని ఎవరూ అనరు. అయితే ఐదు వేల కుర్చీల హాలు కంటే ముందు, నష్టభయం భరించే చిన్న నిధి ఒకటి ఏర్పాటు చేస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. గుర్తింపు పొందిన స్థానిక సంస్థ అంతర్జాతీయ సదస్సుకు ఎంపికైతే హాలు అడ్వాన్సును ఆ నిధి నుంచి అప్పుగా ఇచ్చి, రుసుములు వసూలయ్యాక తిరిగి తీసుకోవచ్చు. ఢిల్లీలో అనుమతుల దస్త్రాలను వెంబడించే ఒక అధికారిని నియమించవచ్చు. హైదరాబాద్‌లో ఈ తరహా సమన్వయానికి కన్వెన్షన్, విజిటర్స్ బ్యూరో ఉంది. దేశ స్థాయిలో పర్యాటక శాఖ అండతో 1988లో ఏర్పడిన భారత కన్వెన్షన్ ప్రోత్సాహక సంస్థ ఉంది. వాటి తలుపు తట్టడానికి జిల్లా యంత్రాంగానికి కొత్త చట్టం అవసరం లేదు.

దీనివల్ల జిల్లాకు ఒరిగేదేమిటన్న ప్రశ్న సహజం. హోటళ్లకు, టాక్సీలకు, అరకు యాత్రలకు, ఏటికొప్పాక బొమ్మలకు గిరాకీ పెరగడం కనిపించే లాభం. కనిపించనిది మరొకటుంది. విదేశీ సదస్సుకు వెళ్లి పత్రం సమర్పించాలంటే పరిశోధక విద్యార్థికి విమాన టికెట్టు, వీసా, రుసుము కలిపి తలకు మించిన ఖర్చు. అదే సదస్సు మద్దిలపాలెంలో జరిగితే సిటీ బస్సులో వెళ్లి ముందు వరుసలో కూర్చోవచ్చు. ఆతిథ్య నగరపు విద్యార్థులకు తక్కువ రుసుముతో ప్రవేశం కల్పించాలని, కొందరిని స్వచ్ఛంద సేవకులుగా తీసుకోవాలని ఒప్పందంలో రాయించుకునే వీలు స్థానిక భాగస్వామికే ఉంటుంది. ఢిల్లీ నుంచి వచ్చి హోటల్‌లో జరిగి వెళ్లిపోయే సమావేశంలో ఆ షరతు పెట్టేవారెవరూ ఉండరు.

మొదటి అడుగు పెద్దదే కానక్కరలేదు. హైదరాబాద్ గణిత మహాసభకు అనుబంధంగా ఇతర నగరాల్లో జరిగినవాటి తరహాలో, చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పెద్ద సదస్సు ఖరారైనప్పుడు దానికి ముందో వెనుకో రెండు రోజుల అనుబంధ సమావేశాన్ని విశాఖ అడగవచ్చు. వంద మంది వస్తారు. ప్రధాన బాధ్యత మరొకరిది కాబట్టి నష్టం పరిమితం. ఖాతా నడిపిన అనుభవం, వీసా లేఖలు రాసిన అనుభవం స్థానిక సంస్థ చేతిలో మిగులుతాయి. రెండు, మూడుసార్లు చేశాక ప్రతిపాదన పత్రంలో ‘గతంలో నిర్వహించిన సమావేశాలు’ అన్న గడి ఖాళీగా ఉండదు.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం శతాబ్ది మైలురాయిని చేరింది. ఈ సందర్భంగా జరిగే సంబరాలకు పందిళ్లు వేయడంలో ఎవరికీ సందేహం లేదు. 2010 నాటి గణిత మహాసభకు నిర్ణయం జరిగింది 2006లో. అదే లెక్కన 2030లో విశాఖకు రావలసిన సదస్సుకు ప్రతిపాదన రాయవలసిన కుర్చీ ప్రస్తుతం ఏ విభాగంలో, ఏ సంఘంలో ఉందో తేలవలసి ఉంది.